బుధుకి ఒక పిలుపు

ఆ ఆదివారం పొద్దున బుధు మూడు పనులు పెట్టుకున్నారు. కాఫీ మొక్కల కింద కలుపు తీయాలి. రాత్రి వానకి జారిన పెంకులు సర్దాలి. నిర్మల తనను ఏమని పిలవాలో ఒక మాట వెతకాలి. మొదటి రెండూ ఏటా జూన్‌లో చేసేవే. మూడోది అరగంటలో తేలిపోతుందనుకుని బుధు దాన్ని ముందు మొదలుపెట్టారు. అక్కడే తప్పు జరిగింది.

కరకపుట్టు గూడెం అరకు నుంచి రోడ్డున్నంత వరకూ జీపులోనూ, ఆపైన కాలినడకనా చేరుకునే ఊరు. ఇది రెండువేల మూడో సంవత్సరం మాట. బుధుకి అప్పటికి ముప్పై అయిదేళ్లు. నడుముకి లుంగీ, ఒంటి మీద గళ్ల చొక్కా, వీపు మీద జడ, చెవులకి ఇత్తడి పోగులు. పెళ్లిళ్లలో ఆడవాళ్ల వరసలో నిలబడి థింసా ఆడతారు; వాయించేవాళ్లు చాలకపోతే అటు వెళ్లి డప్పు అందుకుంటారు. బుధు ఆడా, మగా అన్న ప్రశ్న కరకపుట్టులో ఎప్పుడో ముప్పై ఏళ్ల కిందటే అడిగేసి, జవాబు ‘బుధు’ అని తేల్చుకుని, జనం ఎవరి పనుల్లో వాళ్లు పడ్డారు.

నిర్మల బుధు చెల్లెలు రత్న కూతురు. రత్న జ్వరంతో పోయేనాటికి పిల్లకి ఎనిమిది నెలలు. తండ్రి అంతకు ముందే కొండ దిగి కురుపాం వైపు వేరే కాపురం పెట్టాడు. అప్పటినుంచి నాలుగేళ్లుగా బుధు పెంచుతున్నారు. ఈ నాలుగేళ్లలో పిలుపుతో పని పడలేదు. ఎప్పుడూ చంకలోనో, పక్కనో ఉండే పిల్ల ఎందుకు పిలుస్తుంది? లుంగీ ఒకసారి లాగితే ఆకలి, రెండుసార్లు లాగితే నిద్ర, ఊడొచ్చేలా లాగితే చీమ కుట్టిందని లెక్క.

వరసకి మామ అనొచ్చు, పెద్దమ్మ అనొచ్చు. మామ అంటే ఎవరో మీసాలాయన్ని పిలిచారనుకుని బుధు పక్కకి తప్పుకుంటారు. పెద్దమ్మ అంటే వేరొకరి చీర చుట్టుకున్నట్టు ఇబ్బంది పడతారు. అందుకని ఆ సంగతి అలా వదిలేశారు. వదిలేసిన సంగతిని అంగన్‌వాడీ టీచరు పావని శనివారం సాయంత్రం ఇంటికి మోసుకొచ్చింది.

పావనిది సాలూరు. పెళ్లై కొండెక్కింది. మంచి మనిషే, కానీ కాగితం మీద ఖాళీ గడి కనబడితే ఏదో ఒకటి రాయకుండా ఉండలేదు.

“తప్పు నాదే,” అంది గుమ్మంలోనే. “రిజిస్టర్లో తల్లికో గడి, తండ్రికో గడి ఉన్నాయి. మీ నిర్మల గుంటనడిగినాను. మీ అమ్మేదే అంటే నేదంది. మీ నాన్నేడే అంటే నేడంది. నాను నేదు, నేడు అని రాసీసినాను. ఆ కాయితం పైకెలిపోయింది.”

“ఎలిపోతే?”

“సోమవారం సాలూరు నుంచి ఒకాయన ఒత్తన్నాడు. ఎవులూ నేని పిల్లల్ని అక్కడ వసతి గృహంలో సేర్సుకుంటారు. మంచి సోటే. రోజూ గుడ్డెడతారు.”

“మాకూ కోడున్నాది,” అన్నారు బుధు.

“ఆయన మిమ్మల్నేటీ అడగడు. గుంటనే అడుగుతాడు, ఈ మనిషి నీకేటవుతారూ అని. అది బిక్కుబిక్కుమని సూసిందనుకోండి, సంతకం ఎట్టీసి తీసుకెలిపోతాడు. ఏదో ఒక మాట నేర్పించండి. ఏదైనా పర్నేదు, తడుముకోకుండా సెప్పాలి.”

పావని వెళ్లాక, నిర్మల లేని ఇల్లు ఎలా ఉంటుందో బుధు ఊహించబోయి, భయమేసి మానేశారు.

ఆదివారం నిర్మల కళ్లు నులుముకుంటూ వచ్చి అరుగు మీద కూర్చోగానే బుధు ఎదురుగా చతికిలబడ్డారు. రాత్రంతా ఆలోచించి పెట్టుకున్న మొదటి మాట బయటికి తీశారు.

“నన్ను అమ్మానాన్న అని పిలు.”

నిర్మల వెనక్కి తిరిగి చూసింది. “ఎవులూ నేరు,” అంది.

“పోనీ, పెద్ద అని పిలు.”

“పెద్దోల్లంటే ముసిలోల్లు. నువ్వు ముసిలా?”

గార్డియన్ అన్న మాట పావని ఇచ్చి వెళ్లింది. అది బుధు నోటికే తిరగలేదు. నిర్మల దాన్ని మందు పేరనుకుని పళ్లు బిగబట్టి కూర్చుంది. ఆ పళ్లు మళ్లీ తెరిపించడానికి బెల్లం ముక్క ఖర్చయింది. అరగంట కాస్తా గంటన్నరైంది, కలుపు కలుపులాగే ఉంది.

అప్పుడొచ్చాడు సుక్రు. సుక్రు బుధుకి మేనమామ, చనిపోయిన తల్లి సోములమ్మకి తమ్ముడు. రెండు ఇళ్లకీ నడుమ హద్దు మీద ఒక పనసచెట్టుంది. సోములమ్మ ఉన్నంతకాలం అది ఆవిడదే. ఆవిడ పోయిన పదకొండో రోజున సుక్రు దానికి సున్నంతో తన గుర్తు పెట్టుకున్నాడు. బుధు తగువు పడే మనిషి కాదు కాబట్టి ఆ గుర్తు అలాగే ఉండిపోయింది. ఆ చెట్టు తప్పిస్తే మామకి మేనకోడలి బిడ్డ మీద ప్రేమ తక్కువేం కాదు.

సంగతంతా విని సుక్రు పెదవి విరిచాడు. “మాట కుదరకపోడానికి కారనం నాకు తెలుసు. ఇది ఆస్పత్రిలో పుట్టినాది. నర్సమ్మ నిర్మలని పేరెట్టీసింది, మనవూ ఊరుకున్నాం. మన పద్దతిలో గింజెయ్యనేదు. దిసారి కాడికి తీసుకెల్లు. బేగెల్లు, లేపోతే జీలుగుకల్లుకెలిపోతాడు.”

ఈ సలహా ఇచ్చినందుకు సుక్రు ఆ తర్వాత చాలాకాలం తన నాలుకని తనే తిట్టుకున్నాడు.

దిసారి అంటే ఆ ఊరికి పూజారీ, ముహూర్తాలు పెట్టేవాడూ, పసరు మందు ఇచ్చేవాడూ కూడా. కరకపుట్టు పద్ధతి ఏమిటంటే, బిడ్డ ఊరికే పుట్టదు. ఆ ఇంట్లో పోయినవాళ్లలో ఎవరో ఒకరు తిరిగొస్తారు. ఎవరొచ్చారో తెలుసుకోడానికి దిసారి కంచు గిన్నెలో నీళ్లు పోసి, పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెబుతూ ఒక్కో బియ్యపు గింజ వదులుతాడు. ఆ పేరు కాకపోతే గింజ మునుగుతుంది. అదే అయితే నీటి మీద నిలుస్తుంది.

బుధు తను అనుకున్న మాటలన్నీ వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ వెళ్లారు. వెనకాల సుక్రూ, సుక్రు వెనకాల ఆదివారం కనక పని లేని మరో పాతికమందీ వచ్చారు.

“ఈ అయిదు మాటలకీ గింజెయ్యి తాతా. ఏది నిలబడితే అది నా పిలుపు.”

“బతికున్నోల్లకి గింజెయ్యరు,” అన్నాడు దిసారి. “ముందు ఈ గుంటలోన ఎవులొచ్చారో సూద్దాం. అది తెలిత్తే వరస తెలుత్తాది. వరస తెలిత్తే పిలుపు దానంతటదే ఒత్తాది.”

ఈ వాదనలో తప్పెక్కడుందో బుధుకి అప్పుడు కనబడలేదు. ఇప్పటికీ కరకపుట్టులో ఎవరికీ కనబడలేదు.

దిసారి మొదలుపెట్టాడు. బుధు ముత్తాత పేరు చెప్పాడు, గింజ మునిగింది. తాత పేరుకి మునిగింది. తండ్రి పేరుకి తిరిగి తిరిగి మునిగింది. ఆయన బతికున్నప్పుడూ ఏ నిర్ణయమూ త్వరగా తీసుకోలేదు. “సోములమ్మ,” అన్నాడు దిసారి, నాలుగో గింజ వదిలి. గింజ నిలబడింది. ఒక నిమిషం చూశారు. దిసారి గిన్నె కదిపాడు. అయినా నిలబడింది.

“ఆవిడే,” అంది వెనక నుంచి ఒక ముసలమ్మ. “ఉన్నప్పుడూ అంతే, ఎవులు కదిపినా కదల్నేదు.”

సుక్రు మొహం సున్నం కొట్టినట్టయింది. బుధు గిన్నెలోకీ, పక్కన ముక్కులో వేలు పెట్టుకుని కూర్చున్న నిర్మల వైపూ మార్చి మార్చి చూశారు.

“అంటే ఇది నాకేటవుద్ది?”

“మీ అమ్మ.”

“మరి నాను దీనికి?”

“బిడ్డవి.”

“తాతా, దీన్ని నాను నాలుగేల్లు పెంచినాను.”

“మీ అమ్మని నువ్వు పెంచుతావేటి, ఎర్రిగా మాటాడకు. అది నిన్ను బిడ్డా అనాల, నువ్వు దాన్ని అమ్మా అనాల. పిలుపు కావాలన్నావు, దొరికింది కదా,” అని దిసారి గిన్నెలో నీళ్లు పారబోసి కల్లుకి వెళ్లిపోయాడు.

తనకొక పిలుపు కావాలని వెళ్లిన బుధు, ఇంకొకరికి పిలుపు పట్టుకుని ఇంటికొచ్చారు. దారిలో పిల్లని చంకనెత్తుకోబోతే పొరుగింటావిడ అడ్డుపడింది. తల్లిని అలా చంకన వేసుకుని పోతే చూసేవాళ్లు ఏమనుకుంటారంది. ఎలా తీసుకెళ్లాలో ఎవరికీ తోచలేదు. చివరికి నిర్మల ముందు నడిచింది, ఊరంతా ఆమె వెనక ఆమె అడుగుల వేగానికి నడిచింది. మధ్యలో ఆమె ఒక నత్తని చూడ్డానికి ఆగింది. అందరూ ఆగారు.

సోములమ్మ సామాన్యురాలు కాదు. మాట దురుసు, న్యాయం సూటి. ఊట దగ్గర ఎవరి బిందె ముందో, ఎవరి మేక ఎవరి చేలో పడిందో ఆవిడే తేల్చేది. ఆవిడ పోయాక అయిదేళ్లుగా ఊళ్లో తీర్పులు సగం సగంగా నడుస్తున్నాయి. ఇప్పుడు తిరిగొచ్చిందని తెలిసి మధ్యాహ్నం అయ్యేసరికి బుధు వాకిట్లో జనం పోగయ్యారు. ఒకావిడ చోడి అంబలి తెచ్చింది. ఒకాయన అయిదేళ్ల సంగతులూ వరసగా విన్నవించాడు. నిర్మల నులకమంచం మీద కూర్చుని కాళ్లూపుతూ వింది. అంత శ్రద్ధగా పాత సోములమ్మ కూడా ఎప్పుడూ వినలేదని ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

ఊట దగ్గర వంతు కోసం రెండేళ్లుగా మాటల్లేని ఇద్దరు తోడికోడళ్లు వచ్చారు. “అత్తా, ఊట కాడ ముందు బిందె ఎవులిది?” అని అడిగారు.

“నాది,” అంది నిర్మల.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అది న్యాయంగానే ఉందనిపించింది. కలిసి వెళ్లి నీళ్లు తెచ్చి బుధు ఇంట్లో పోశారు.

కష్టమల్లా బుధుది. పిల్ల బురదలో దొర్లి వచ్చింది. “నీల్లోసుకుందువు రా,” అని రెక్క పట్టుకున్నారు. వాకిట్లోంచి పది గొంతులు లేచాయి. “కన్నతల్లిని రెక్కట్టుకు లాగుతావేటి?” బుధు రెక్క వదిలేశారు. మూడోసారి బెల్లం తినకూడదంటే, పెద్దావిడ నోటి దగ్గరది లాక్కుంటావా అన్నారు. ఎవరైనా ఒక పూట తన తల్లికి తల్లిగా ఉండి చూస్తే తెలుస్తుంది ఆ అవస్థ.

కాస్త జనం పల్చబడ్డాక బుధు అసలు పనిలోకి దిగారు. రేపటికి మిగిలింది ఒక్క పూటే.

“సూడు, రేపొక బాబు ఒత్తాడు. నన్ను సూపించి ఈల్లు నీకేటవుతారని అడుగుతాడు. బిడ్డ అని సెప్పు.”

“బిడ్డంటే నాను కదా.”

“కాదు. నాను.”

“మరి నానెవుల్ని?”

“మా అమ్మవి.”

నిర్మల చెయ్యి చాపింది. “అయితే బెల్లమెట్టు,” అంది.

ఎండ వాలే వేళకి సుక్రు వచ్చాడు. భుజం మీద ఒక పనసపండు. దాన్ని మంచం కోడు దగ్గర దించి, తుండు తీసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అరవై దాటిన మనిషి. బుధు ఆయన్ని అలా నిలబడి ఉండగా చూడ్డం అదే మొదటిసారి.

“అప్పా,” అన్నాడు నిర్మలతో, అక్కని పిలిచినట్టే, గొంతు తగ్గించి. “ఆ పనససెట్టు సంగతి నీకు గురుతున్నాదా?”

“నాదే,” అంది నిర్మల.

ఆ వయసు పిల్ల ఏ వస్తువు గురించి అడిగినా చెప్పే మాట అదే. ఇంకో అయిదు నిమిషాలుంటే సుక్రు తుండూ, సుక్రు కోడీ, సుక్రు పెళ్లామూ కూడా తనవే అని చెప్పి ఉండేది. కానీ సుక్రు అంతదాకా ఆగలేదు. తిన్నగా దిసారి దగ్గరికి పోయి మళ్లీ గింజెయ్యమన్నాడు. గింజని రెండోపాలి అడిగితే గిన్నె పగులుద్దని దిసారి అన్నాడు. సుక్రు తిరిగి బుధు అరుగు ఎక్కాడు. ఈసారి చేతులు కట్టుకోలేదు.

“రేపా బాబుతో సెప్పీత్తాను. ఇది ఎవులూ నేని గుంట, తీసుకెలిపోండీ అని.”

పావని రాసిన కాగితం ఒక ఎత్తు. సొంత మేనమామ ఊరందరి ముందూ లేచి ఆ మాటంటే ఇక అడ్డం చెప్పేవాళ్లుండరు.

“మామా, సెట్టు నువ్వే ఉంచుకో. నాకొద్దు. గుంటనొదిలీ.”

“నువ్విచ్చీడానికి అది నీదేటి? అది అప్పది.”

“అప్పే అనుకుంటే, అప్పని సాలూరు పంపీత్తావేటి?”

సుక్రు తుండు విదిలించి భుజాన వేసుకున్నాడు. పిల్ల తన అక్కే అన్న నమ్మకంలో ఆయనకి అణుమాత్రం అనుమానం లేదు. ఆ నమ్మకం వల్లే ఆమెని ఊరు దాటించాలని తొందర. రెండూ ఒక తలలో ఎలా పట్టాయో ఆయనకే తెలియలేదు. పండు మాత్రం వదిలేసి వెళ్లాడు.

సోమవారం పదిగంటలకి సర్వేశ్వరరావు వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. ఘాట్ రోడ్డు మలుపుల్లో రెండుసార్లు జీపు ఆపించుకుని, జీపు దిగాక గంట కొండెక్కి, బూట్లనిండా బురదతో, మొహం పాలిపోయి ఉన్నాడు. అంగన్‌వాడీ ముందు ఊరంతా నేల మీద కూర్చుని ఉంది. నడుమ నులకమంచం మీద ఒక్క నిర్మలే కూర్చుంది, తల నిండా కనకాంబరాలు పెట్టించుకుని. పక్కన బుధు నిలబడ్డారు. సుక్రు చివర్లో, పావని రిజిస్టరుతో ముందు.

“ఈ పాప ఎవరి దగ్గర ఉంటోంది?” అన్నాడు సర్వేశ్వరరావు, కాగితం తీసి.

“ఆవిడ ఎవుల కాడా ఉండదు బాబూ. మనవే ఆవిడ కాడుంటాం,” అంది ఒక ముసలమ్మ.

“ఆవిడ ఎవరు?”

“ఈవిడే.”

ఆయన పావని వైపు చూశాడు. పావని నేల వైపు చూసింది.

“పాప తల్లి పేరు?”

“రత్నండి. సనిపోయింది,” అంది పావని.

“రత్న ఈవిడ కూతురు బాబూ,” అన్నాడు దిసారి మర్యాదగా సవరిస్తూ.

సర్వేశ్వరరావు ఒక మాట రాశాడు, కొట్టేశాడు. “ఈ బుధు అనే వ్యక్తి?”

“ఈవిడ బిడ్డ.”

“ఈ పాపకి... బిడ్డ.” ఆయన బుధుని కింది నుంచి పైదాకా చూశాడు. “మగబిడ్డా, ఆడబిడ్డా?”

“బుధు,” అన్నారు నలుగురైదుగురు.

“అది పేరు కదయ్యా.”

“అదే మరి.”

సర్వేశ్వరరావు మంచినీళ్లడిగాడు. ఇద్దరు తోడికోడళ్లూ ఒకే చెంబు చెరో వైపూ పట్టుకుని తెచ్చిచ్చారు. తాగి, తేరుకుని, పాప వయసడిగాడు. పావని నాలుగేళ్ల పది నెలలంది. దిసారి అరవయ్యేడన్నాడు. పోయేనాటికి అరవై రెండు, పోయి అయిదేళ్లు. అక్కడున్న పెద్దవాళ్లు ముగ్గురు వేళ్ల మీద మళ్లీ కూడి సరేనన్నారు.

“ఇదిగో,” అన్నాడు సర్వేశ్వరరావు, గొంతులో ఓపిక అయిపోవస్తుంటే. “నేను సాలూరు నుంచి వచ్చాను. మళ్లీ ఆ రోడ్డు మీదే వెళ్లాలి. అసలు సంగతేమిటో తిన్నగా చెప్పేవాళ్లు ఈ ఊళ్లో ఒక్కరున్నారా?”

“నానున్నాను,” అని సుక్రు లేచాడు.

బుధు మంచం పట్టె పట్టుకున్నారు. సుక్రు జనాన్ని దాటుకుంటూ వచ్చి సర్వేశ్వరరావు ఎదురుగా నిలబడ్డాడు. తుండు భుజానికి సర్దుకున్నాడు. నోరు తెరిచాడు. ఆయన అడ్డం రావడంతో వెనకున్న నిర్మలకి, అంతసేపూ తను చూస్తున్న సర్వేశ్వరరావు సంచి మీది నిగనిగలాడే తాళం కనబడకుండా పోయింది.

“సుక్రూ, కూకో,” అంది నిర్మల. “నాకవుపడ్నేదు.”

నిన్నటి నుంచి ముసలమ్మలు నీ తమ్ముడు సుక్రు, నీ తమ్ముడు సుక్రు అని వందసార్లు చెప్పగా పిల్లకి ఆ పేరు నోటికొచ్చింది, అంతే. కానీ ఆ ఊళ్లో సుక్రుని వట్టి పేరుతో, అలా గదిమి కూర్చోమనే మనిషి ఒక్కరే ఉండేవారు. ఆవిడ పోయాక అయిదేళ్లలో ఆయన్ని ఎవరూ కూర్చోమనలేదు. సుక్రు ఎక్కడివాడు అక్కడే కూలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. చెట్టు పోతుందన్న బాధ కూడా అందులో కొంత ఉండొచ్చు, కానీ ఎక్కువ అది కాదు.

“చెప్పవయ్యా, ఏదో చెబుతానన్నావు.”

“మా అప్ప బాబూ,” అన్నాడు సుక్రు. “పెద్దప్ప.”

సర్వేశ్వరరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తప్పు కళ్లజోడులో లేదని తేలాక, లేచి వచ్చి మంచం ముందు గొంతుకూర్చున్నాడు. ఇంతసేపట్లో ఆయన చేసిన తెలివైన పని ఇదొక్కటే.

“పాపా, వీళ్లెవరూ మాట్లాడరు. నువ్వే చెప్పు. ఇదిగో, ఈ మనిషి నీకు ఏమవుతారు?”

చుట్టూ పెదవులన్నీ ‘బిడ్డ, బిడ్డ’ అని శబ్దం లేకుండా కదిలాయి. బుధు మాత్రం ఏమీ అందించలేదు. ఈ పిల్ల ఇప్పుడు బిక్కుబిక్కుమని చూస్తే అంతా అయిపోతుంది, నాలుగేళ్లూ ఒక జీపులో పెట్టి పంపించేయాలి. బుధు చూపు తిప్పుకుని ఎదురుగా ఉన్న కంచెని చూస్తూ నిలబడ్డారు.

“మావోల్లు,” అంది నిర్మల.

“ఆఁ?”

“మావోల్లు.”

తడుముకోలేదు. ఏం ప్రశ్న ఇది అన్నట్టు చెప్పింది.

సర్వేశ్వరరావు నేల మీద కూర్చున్న ఊరందరినీ చేత్తో చూపించాడు. “వీళ్లందరూనా?”

నిర్మల తల అడ్డంగా ఊపి, బుధు లుంగీ పట్టుకుంది. “ఈల్లే.”

“ఈ ఒక్కరేనా? ఇంకెవరూ లేరా?”

“ఇంకెవులెందుకు?” అంది నిర్మల.

పావని రిజిస్టరు మూసి నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆవిడే చెప్పింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక పిల్లల్ని తీసుకెళ్లడానికి ఇళ్ల నుంచి వస్తారు. ఎవరి అమ్మో నాన్నో కంచె అవతల కనబడగానే ఆ పిల్ల “మావోల్లొచ్చీసారు” అని అరిచి పరిగెడుతుంది. నిర్మలా అంతే. దిగువ మలుపు దగ్గర బుధు జడ కనబడితే చాలు, మావోల్లు, మావోల్లు అని గెంతుతుంది. రెండేళ్లుగా రోజూ వింటున్నాననీ, అది గడిలో రాయాల్సిన మాటని తనకి తట్టలేదనీ పావని అంది.

“నాకెప్పుడూ ఇనబడ్నేదు,” అన్నారు బుధు.

“మీరు కంచె కాడికి ఒచ్చీసరికే అది మీ లుంగీ పట్టీసుకుంటాది కదా. ఇంకేటి పిలుస్తాది?”

బుధుకి దుఃఖమొచ్చింది. వెంటనే సిగ్గేసింది, ఆ తర్వాత అంత సంతోషం కలిగింది. ఏది ముందు చూపించాలో తెలియక మంచం పక్కనే కూర్చుండిపోయారు. రెండేళ్లుగా తన పిలుపు తను తప్ప అందరూ విన్నారు. అమ్మానాన్నా కాదు, పెద్దా కాదు, ఏ మాటనీ ఎవరూ వెతకనక్కర్లేకపోయింది. నిర్మల మంచం మీంచి జారి బుధు ఒళ్లోకి చేరింది. తల్లి బిడ్డ ఒళ్లో కూర్చోవచ్చా అని వెనకాల ఎవరో సన్నగా చర్చ మొదలుపెట్టారు. ఎవరూ పట్టించుకోలేదు.

సర్వేశ్వరరావు కాగితం మోకాలి మీద పెట్టుకుని కలం తెరిచాడు. కలం తల్లి గడి మీదికి వెళ్లింది, ఆగింది. తండ్రి గడి మీదికి వెళ్లింది, అక్కడా ఆగింది. రెండు గడుల మధ్య గీత మీద ఒక చుక్క సిరా పడింది. తనవాళ్లంటూ ఎవరూ లేని బాలలకు మాత్రమే అని కాగితం నెత్తిన అచ్చులోనే ఉంది. తనవాళ్లు ఎదురుగానే ఉన్నారు. అందులో ఆయనకి సందేహం లేదు.

“పాపని తీసుకెళ్లను,” అన్నాడు పావనితో. “అది వేరే చెప్పక్కర్లేదు. కానీ కారణం రాయాలి. మావోళ్లు అని రాస్తే, అది తల్లి కింద వస్తుందా తండ్రి కింద వస్తుందా కనుక్కుని రమ్మని పైవాళ్లు నన్ను మళ్లీ ఈ కొండకే పంపుతారు.”

ఆ మాట అంటుండగానే ఆయనకి ఘాట్ రోడ్డు మలుపులు గుర్తొచ్చాయి. దిసారిని దగ్గరికి పిలిచాడు.

“ఇందాక వయసెంతన్నావు?”

‘నిరాకరణకు కారణం’ అన్న గడిలో ‘వయఃపరిమితి మించినది, 67 సంవత్సరములు’ అని రాసి, కింద తమ్ముడి వేలిముద్ర తీసుకుని, సర్వేశ్వరరావు కొండ దిగాడు.